ల్యాప్‌టాప్ మామూలు పనికే కాలిపోతోంది: ముందు ఎక్కడ చూడాలి?

ఉప్పుటేరు (భీమవరం)

నమస్కారమండి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, ఐ5-8265యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. చెరువుల లెక్కలు ఎక్సెల్‌లో, టాలీ, బ్రౌజర్‌లో ఐదారు ట్యాబులు, సాయంత్రం యూట్యూబు. గేములు, వీడియో ఎడిటింగు లేవు. అయినా కీబోర్డు పైవరస దగ్గర చెయ్యి ఆనించలేనంత వేడి. ఫ్యాన్ మోత ఆగదు. పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిస్తే మౌసు ఆగి ఆగి కదులుతోంది. కింద పెట్టే ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ కొనమని ఒకరు, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసే పేస్టు మార్పించమని ఒకరు, ఫార్మాట్ కొట్టమని ఇంకొకరు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

రిపేరుబల్ల (అమలాపురం)

మూడూ ఇప్పుడే వద్దండి. ముందు అంకెలు కావాలి. "బాగా వేడి" అంటే అందరికీ ఒకటి కాదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. తెరిచేటప్పుడు "సెన్సర్స్ ఓన్లీ" టిక్ పెట్టండి. అందులో చూడాల్సినవి: సీపీయూ (అంటే ప్రాసెసర్) ప్యాకేజ్ ఉష్ణోగ్రత, అందులోని ఒక్కో కోర్ ఉష్ణోగ్రత, సీపీయూ ప్యాకేజ్ పవర్ (వాట్లలో), థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) పక్కన యస్/నో.

మూడు సందర్భాల్లో రాసుకోండి. ఆన్ చేశాక ఏమీ తెరవకుండా పావుగంట వదిలేసి ఒకసారి. మీ మామూలు పని పావుగంట చేశాక ఒకసారి. సీపీయూ-జెడ్ అనే ఇంకో ప్రోగ్రాంలో బెంచ్ ట్యాబ్‌లో ఉన్న, ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసే స్ట్రెస్ బటన్ నొక్కి పది నిమిషాలు నడిపి ఒకసారి. ఈ మూడోదాంట్లో వేడి ఎక్కిన తీరు కూడా చూడాలి: నొక్కగానే రెండు సెకన్లలో తొంభై దాటేసిందా, నిమిషాలమీద మెల్లగా ఎక్కిందా.

ఆ సమయంలో గది ఉష్ణోగ్రత తప్పనిసరి. గోడ థర్మామీటరైనా చాలు, ల్యాప్‌టాప్ వదిలే గాలి తగలని చోట పెట్టండి. ప్రాసెసర్ చల్లబడేది గదిలో గాలితోనే కాబట్టి గది పది డిగ్రీలు పెరిగితే లోపల కూడా సుమారు పది పెరుగుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తీసిన రీడింగునీ, డిసెంబరు తెల్లవారుఝామున తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోలిస్తే లాభం లేదు. గదికంటే ఎంత ఎక్కువ అన్నదే లెక్క.

చివరిగా, స్ట్రెస్ నడుస్తున్నప్పుడు గాలి బయటికొచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టండి. గాలి జోరుగా ఉందా, నీరసంగా ఉందా. వేడిగా ఉందా, గోరువెచ్చగా ఉందా. ఈ రెండూ విడివిడిగా చెప్పండి.

ఉప్పుటేరు (భీమవరం)

ఆయ్, చూశానండి. గది 34.

ఊరికే ఉన్నప్పుడు: 62 డిగ్రీలు, 3 వాట్లు.
మామూలు పనిలో: 86 నుంచి 90, వాట్లు 7 దగ్గర.
స్ట్రెస్: నొక్కగానే 78, మూడు నిమిషాలకు 97, థ్రాట్లింగ్ యస్. వాట్లు మొదట 25 దాకా వెళ్ళి 10కి పడిపోయాయి.
కోర్ల మధ్య తేడా 4 డిగ్రీలు.
బయటికొచ్చే గాలి చాలా తక్కువ. కానీ వచ్చే ఆ కాస్తా చెయ్యి కాలేంత వేడి.

రిపేరుబల్ల (అమలాపురం)

ఇంకేం, దొరికిందండి. మిగతావాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి ఎలా చదవాలో వివరంగా రాస్తాను.

ఇది 15 వాట్ల తరగతి ప్రాసెసర్. 100 డిగ్రీలు దీని హద్దు. ఆ దరిదాపుల్లోకి రాగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, మీ మౌసు ఆగి ఆగి కదలడానికి కారణం అదే. మొదట్లో 25 వాట్లు కనబడటం తప్పు కాదు, కొద్ది సెకన్లు అలా ఎగబాకడానికి దానికి అనుమతి ఉంది. తరువాత 15 దగ్గర నిలబడాలి. మీది 10కి పడిపోయిందంటే ఆ 15 వాట్ల వేడిని కూడా బయటికి తోయలేకపోతోంది.

వాట్లు తక్కువ, వేడి ఎక్కువ అయితే తప్పు లోపలి సామానుది: ఫ్యాన్, చిప్ వేడిని లాగే హీట్‌సింక్, దాని రేకులు, పేస్టు. ఊరికే ఉన్నప్పుడే 12, 15 వాట్లు తింటుంటే తప్పు వెనకాల నడిచే ఏదో ప్రోగ్రాముది. మీకు 7 వాట్లకే 90 వస్తోంది. ఈ తరగతి మెషీన్లో తేలిక పనికి గదికంటే 25, 35 డిగ్రీలు ఎక్కువుంటే పట్టించుకోనక్కరలేదు. మీకు 55 ఉంది. ఫార్మాట్ కొడితే సాయంత్రం వృథా తప్ప ఒక్క డిగ్రీ తగ్గదు.

ఇక లోపల ఎక్కడ? గాలి జోరుగా ఉండి చల్లగా వస్తుంటే, చిప్‌లోని వేడి రేకులదాకా చేరట్లేదని. పేస్టు ఎండిపోయుంటుంది, లేదా హీట్‌సింక్ మరలు వదులు, అరుదుగా వేడిని రేకులదాకా మోసే హీట్‌పైపే పోయుంటుంది. అలాంటప్పుడు స్ట్రెస్ నొక్కగానే వేడి ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. గాలి నీరసంగా ఉండి కాలిపోతుంటే, వేడి రేకులదాకా బాగానే వస్తోంది, దాన్ని తోసుకెళ్ళే గాలికి దారి లేదు. దుమ్ము అడ్డుపడింది, లేదా ఫ్యాన్ సరిగ్గా తిరగట్లేదు. వేడి మెల్లగా ఎక్కుతుంది. మీది రెండోదే. కోర్ల మధ్య తేడా పది దాటితే హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగి కూర్చుందని అనుమానించాలి. 4 అంటే ఆ బెంగ లేదు.

తవుడుగాలి (తణుకు)

మిల్లుల పక్కన ఉండేవాళ్ళకి ఇది ఏటా ఉండే గోలేనండి. తవుడు, ఊక నలుసులు, బాయిలరు బూడిద. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి రేకులకి అతుక్కుని జిడ్డు కడుతుంది, ఉత్త గాలి కొడితే ఊడదు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా; అది ఫ్యాన్ బేరింగులోకి వెళ్తే కరకరలాడి అరగదీస్తుంది.

ఒక సందేహం. ఇంట్లో బ్లోయర్ ఉంది కదా, దానితో బయటి సందులోంచి గట్టిగా కొడితే సరిపోదా? విప్పాల్సిన పనేముంది?

రిపేరుబల్ల (అమలాపురం)

సరిపోదండి, ఒక్కోసారి ఇంకా చెడుతుంది. దుమ్ము రేకుల బయటి వైపు ఉండదు. ఫ్యాన్ గాలిని లోపలినుంచి బయటికి తోస్తుంది కాబట్టి, ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య, లోపలి ముఖం మీద, గొంగళి ముక్కలా ఒక పొర తయారవుతుంది. బయటినుంచి కొడితే అది ఊడి ఫ్యాన్ గూట్లో పడుతుంది. మళ్ళీ ఆన్ చేయగానే తిరిగి అదే చోటుకి వెళ్ళి అంటుకుంటుంది. పైగా బ్లోయర్ జోరుకి ఫ్యాన్ తను తిరగాల్సిన దానికి ఎన్నో రెట్లు తిరిగి బేరింగు దెబ్బతింటుంది. బయటినుంచి కొట్టక తప్పకపోతే సన్నని పుల్లతో రెక్కని కదలకుండా పట్టి, అడుగు దూరంనుంచి, ఆగి ఆగి కొట్టండి. వాక్యూమ్ క్లీనరు మూతి లోపలికి పెట్టకండి, ప్లాస్టిక్ మూతి దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుంది.

ఉప్పుటేరు గారూ, విప్పే పద్ధతి ఇది. మీ మోడల్ పేరు, పక్కన "డిస్‌అసెంబ్లీ" అని కొట్టి వీడియో ఒకటి ముందే పూర్తిగా చూసుకోండి. దాచిన మరలు ఎక్కడున్నాయో మోడల్‌ని బట్టి మారుతుంది.

కావలసినవి: పీహెచ్0, పీహెచ్00 సైజు ప్లస్ మూతి స్క్రూడ్రైవర్లు (కొన్నిటికి టీ5 నక్షత్రం మూతిది), పాత ఏటీఎమ్ కార్డు, అంగుళం వెడల్పు కొత్త పెయింటు బ్రష్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పోగులు రాలని గుడ్డ, పేస్టు. ఆల్కహాలు 70 శాతందైతే మిగతాది నీళ్ళే, బోర్డు మీద వాడకండి. పెట్రోలు, థిన్నరు అసలొద్దు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జరు తీసి, అడుగు మరలు విప్పండి. మరలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు మరని పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర బొడిపె లేస్తుంది, లేదా బోర్డు పగులుతుంది. రబ్బరు కాళ్ళ కింద కూడా మరలు ఉండొచ్చు. మూత రాకపోతే బలం పెట్టకండి, ఎక్కడో ఒకటి మిగిలిపోయుంటుంది. ఏటీఎమ్ కార్డుని అంచువెంట జరుపుతూ క్లిప్పులు ఒక్కొక్కటే వదిలించండి.

మూత రాగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరు తీయడం. వైర్లు పట్టుకుని లాగొద్దు, కనెక్టరు చెవుల్ని గోటితో ముందుకి తొయ్యండి. తరువాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది.

ఫ్యాన్‌కి మూడు నాలుగు మరలు, ఒక చిన్న కనెక్టరు ఉంటాయి. ఫ్యాన్ తీసేస్తే ఆ దుమ్ము పొర ఎదురుగా కనబడుతుంది. దాన్ని చిమటాతో చాపలా ఎత్తేయొచ్చు. మిగిలింది రేకుల వెంట, అడ్డంగా కాకుండా నిలువునా, బ్రష్‌తో. రేకులు పలచనివి, వంగితే ఆ సందు మూసుకుపోయినట్టే. తవుడుగాలి గారిలాంటి జిడ్డుకి బ్రష్‌ని ఆల్కహాలులో ముంచి తుడిచి, ఆరనివ్వాలి. ఫ్యాన్ రెక్కల రెండు వైపులా తుడవండి. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా రెండు మూడు చుట్లు తిరిగి ఆగాలి. గరగరమన్నా, రెక్క పైకీ కిందికీ ఊగినా కొత్తది వేయించడమే. నూనె చుక్క వేస్తే కొన్నాళ్ళు చప్పుడు తగ్గుతుంది, తరువాత ఆ నూనెకే దుమ్ము పడుతుంది. కొత్త ఫ్యాన్ కొనేటప్పుడు మోడల్ పేరు కాదు, పాత ఫ్యాన్ స్టిక్కరు మీది పార్టు నంబరు, వోల్టులు, కనెక్టరులో పిన్నుల సంఖ్య చూపించండి. ఒకే మోడల్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నదానికీ లేనిదానికీ ఫ్యాన్లు వేరుగా ఉండొచ్చు.

సున్నాఓమ్ (రాజమండ్రి)

పేస్టు సంగతి నేను అందుకుంటాను.

ఫ్యాన్ విడిగా ఊడి వచ్చే మోడలైతే, వేడి మెల్లగా ఎక్కుతుంటే, పేస్టు ముట్టుకోనక్కరలేదు. హీట్‌సింక్ ఎత్తారంటే మాత్రం పాత పేస్టుతో మళ్ళీ పెట్టకూడదు, తప్పనిసరిగా కొత్తది వెయ్యాలి. ఇంతకాలం మార్చని మెషీన్ కాబట్టి ఎటూ విప్పారు, మార్చేయడమే మంచిదని నా మాట.

హీట్‌సింక్ మరల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు చెక్కి ఉంటాయి. విప్పేటప్పుడు 4 నుంచి వెనక్కి, ఒక్కొక్కటి సగం చుట్టు చొప్పున. బిగించేటప్పుడు 1 నుంచి, అదీ ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా. ఒక మూలని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే చిప్ అంచు పెచ్చు ఊడిపోవచ్చు. ల్యాప్‌టాప్ చిప్ మీద డెస్క్‌టాప్‌కి ఉన్నట్టు లోహపు మూత ఉండదు, అద్దంలా మెరిసే సిలికాన్ నేరుగా ఉంటుంది.

పాతది ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవండి, గీకొద్దు. కొత్తది బియ్యపు గింజంత చాలు, కానీ డెస్క్‌టాప్‌లోలా మధ్యలో చుక్క పెట్టి వదిలేయకుండా చిప్ మొత్తం పలచగా పరచండి. మూత లేదు కాబట్టి పేస్టు తగలని మూల నేరుగా మాడుతుంది. ఎక్కువైనా ప్రమాదం లేదు, పక్కకి పొంగుతుంది అంతే. లోహం కలిపిన "లిక్విడ్ మెటల్" రకం మాత్రం వద్దు. అది కరెంటుని మోస్తుంది, అల్యూమినియాన్ని తింటుంది.

ఏది కొనాలి? ఆర్కటిక్ ఎమ్‌ఎక్స్-4 4 గ్రాముల ట్యూబు చాలామంది వాడేదే. ఎలక్ట్రానిక్స్ కొట్లో చిన్న డబ్బాలో దొరికే తెల్ల హీట్‌సింక్ కాంపౌండు యాంప్లిఫయర్ ట్రాన్సిస్టర్లకి. ల్యాప్‌టాప్ చిప్ మీద అది త్వరగా ఎండి సున్నపు పొడిలా రాలుతుంది. "పేస్టు మార్చాం" అని చెప్పే చాలా చోట్ల వాడేది ఇదే, ట్యూబు కళ్ళతో చూసి వేయించుకోండి.

ఇంకో పద్ధతి, నాకు ఇదే ఇష్టం: హనీవెల్ పీటీఎమ్7950 అనే పలచని పొర. గది వేడిలో గట్టిగా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ నింపుతుంది. రోజుకి పదిసార్లు వేడెక్కి చల్లారే చిప్ మీద పేస్టు క్రమంగా అంచులకి జరిగిపోతుంది, ఈ పొరకి ఆ తిప్పలు చాలా తక్కువ. మన వేడికి అతికించేముందు ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టకపోతే వెనక కాగితం ఊడదు, పొర చిరిగిపోతుంది. నకిలీలు బోలెడు.

హీట్‌సింక్ కింద మెత్తటి నీలం, బూడిద రంగు ప్యాడ్లు కూడా ఉండొచ్చు. అవి చిరిగితే అదే మందం కొనాలి (0.5, 1, 1.5 మిల్లీమీటర్లు). ప్యాడ్ చోట పేస్టు నింపితే సందు పూడదు. మందం ఎక్కువైన ప్యాడ్ పెడితే హీట్‌సింక్ చిప్‌కి ఆనదు.

రిపేరుబల్ల (అమలాపురం)

పీటీఎమ్ మంచిదే గానీ మన దగ్గర కొట్లో దొరకదు, ఆన్‌లైన్‌లో అసలుదో కాదో తేల్చుకోవడం కష్టం. కొత్తగా విప్పేవాళ్ళకి పేస్టే నయం అంటాను.

సున్నాఓమ్ (రాజమండ్రి)

ఒప్పుకోనండి. 15 వాట్ల చిప్‌కి మీరన్నది సరే. గేమింగు ల్యాప్‌టాప్‌కి పేస్టు వేస్తే ఏడాది తిరక్కుండా మళ్ళీ బల్లమీదకి వస్తుంది.

అంతర్వేదిగాలి (సఖినేటిపల్లి)

సముద్రం దగ్గరవాళ్ళకి ఇంకో రెండు విషయాలు. ఉప్పు నలుసులు తేమని పీల్చుకుంటాయి కాబట్టి ఇక్కడ దుమ్ము పొడిగా ఉండదు, అట్ట కడుతుంది. విప్పినప్పుడు ఫ్యాన్ కనెక్టరు, చార్జింగు జాక్, ర్యామ్ పట్టీ బంగారు అంచు మీద పచ్చగానో తెల్లగానో చిలుము ఉందేమో చూడండి. ఉంటే ఆల్కహాలు, పాత టూత్‌బ్రష్. ఫ్యాన్ కనెక్టరు పిన్ను చిలుము పడితే, ఫ్యాన్ బాగానే ఉన్నా వేగం సంకేతం బోర్డుకి అందదు. కొన్ని మోడళ్ళలో ఆన్ చేయగానే ఫ్యాన్ పని చేయట్లేదని హెచ్చరిక వస్తుంది. కొత్త ఫ్యాన్ కొనేముందు ఆ పిన్నులు తుడిచి చూడండి.

రెండోది, నీళ్ళ కూలర్. గాలిలో తేమ ఇప్పటికే నిండుగా ఉన్నచోట కూలర్ పెద్దగా చల్లబరచదు, తడిని మాత్రం చిమ్ముతుంది. బోరు నీళ్ళు పోస్తే ఆ తుంపరలో లవణాలుంటాయి. కూలర్ ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టి కూర్చోవద్దు. సీలింగ్ ఫ్యానే మేలు.

ఏసీ గదిలోంచి తెచ్చేటప్పుడు కూడా చూసుకోండి. 22 డిగ్రీల గదిలోంచి వచ్చిన లోహం మీద మే, జూన్ నెలల్లో తీరపు గాలిలోని తడి నీటి బొట్లై కూర్చుంటుంది, లోపల కూడా. బ్యాగు జిప్పు వేసే ఉంచి అరగంట ఆగి అప్పుడు తెరవండి.

నర్సరీమొక్క (కడియపులంక)

కొబ్బరి పొట్టు ఎరువు బస్తాలు ఉన్న గదిలో కూడా ఇదే బాధ. ల్యాప్‌టాప్ కింది గాలి సందుకి పలచని గుడ్డ గానీ దోమతెర ముక్క గానీ అంటిస్తే దుమ్ము ఆగుతుంది కదా? వరి కోతలకి ముందు దీపం పురుగులు కూడా సందులోంచి దూరుతున్నాయి.

రిపేరుబల్ల (అమలాపురం)

గుడ్డ వద్దు, గాలినే ఆపేస్తుంది. దోమతెర ముక్క పరవాలేదు, కానీ వారానికోసారి దులపకపోతే అదే మూత అవుతుంది. అంతకంటే ల్యాప్‌టాప్‌ని బల్ల మీదే, వెనక భాగం రెండు మూడు సెంటీమీటర్లు లేచేలా పెట్టండి. రెండు చెక్క ముక్కలు చాలు. పొట్టు నేలకి దగ్గర్లోనే ఎక్కువ ఎగురుతుంది. మంచం మీద, పరుపు మీద, కొబ్బరి పీచు చాప మీద పెడితే కింది సందు మూసుకుపోతుంది, మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

పురుగుల సంగతికి, చీకటి పడే వేళ దీపం వెలుతురుకి పచ్చదోమ విపరీతంగా వస్తుంది. ఆ వేళ గదిలో పెద్ద లైటు ఆర్పి, స్క్రీన్ వెలుతురు తగ్గించండి. అలాంటి చోట విప్పి తుడవడం ఏడాదికి రెండుసార్లు, మిల్లు ఆఫీసుల్లో మూడు నాలుగు నెలలకోసారి, మామూలు ఇళ్ళల్లో ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి.

కూలింగ్ ప్యాడ్ గురించి: లోపల శుభ్రంగా ఉండి, కింద గాలి సందు ఉన్న మోడలైతే నాలుగైదు డిగ్రీలు తగ్గొచ్చు. ఉప్పుటేరు గారిదిలా లోపల మూసుకుపోయినదానికి ప్యాడ్ కొనడం దండగ ఖర్చు. ప్యాడ్ ఫ్యాన్ల స్థానం ల్యాప్‌టాప్ సందుల కిందికి వస్తుందో లేదో కూడా కొలుచుకోవాలి.

సున్నాఓమ్ (రాజమండ్రి)

సాఫ్ట్‌వేర్ వైపు కూడా రెండు మాటలు, ఇవి విప్పకుండా చేసుకోగలిగేవి.

యూట్యూబు. ఎనిమిదో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఏవీ1 అనే వీడియో పద్ధతిని చిప్‌లోనే విప్పే సదుపాయం లేదు, అది పదకొండో తరంనుంచి వచ్చింది. అలాంటి వీడియో పడితే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వీడియో మీద కుడి క్లిక్, "స్టాట్స్ ఫర్ నెర్డ్స్", కోడెక్స్ వరసలో ఏవీ01 అని ఉంటే అదే. యూట్యూబ్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ అండ్ పెర్ఫార్మెన్స్‌లో ఏవీ1 ఎంపిక మార్చొచ్చు. మాట వినకపోతే హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. బ్రౌజర్ సెట్టింగుల్లో "హార్డ్‌వేర్ యాక్సిలరేషన్" ఆన్‌లో ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద "వీడియో డీకోడ్" గీత కదులుతుంటే అంతా సవ్యం.

ఊరికే ఉన్నప్పుడే వాట్లు ఎక్కువుంటే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ శీర్షిక మీద నొక్కి పైనున్నవి చూడండి. "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్", అప్‌డేట్ల పని, సెర్చ్ ఇండెక్సింగ్ అయితే కాసేపాగితే అవే తగ్గుతాయి. గంటలు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ ఉండగా ఇంకో యాంటీవైరస్, అందులోనూ క్రాక్ చేసినది, పెట్టుకోవడం అనవసరపు బరువు.

ఎండాకాలం మధ్యాహ్నాలకి ఒక కిటుకు: పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, "మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్" 100 బదులు 99. టర్బో, అంటే అవసరాన్నిబట్టి వేగం పెంచుకోవడం, ఆగిపోతుంది. ఈ చిప్ అసలు వేగం 1.6 గిగాహెర్ట్జే కాబట్టి నెమ్మదిస్తుంది, కానీ టాలీకి సరిపోతుంది. చల్లబడ్డాక మళ్ళీ 100 చేయడం మరవకండి. కొత్త మోడళ్ళలో ఈ వరస కనబడకపోవచ్చు, అక్కడ కంపెనీ ఇచ్చిన "క్వైట్" లేదా "కూల్" మోడ్ వాడండి.

వోల్టేజి తగ్గించడం, అదే అండర్‌వోల్టింగ్, థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంతో ఒకప్పుడు హాయిగా జరిగేది. 2019 చివర ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక వచ్చిన బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు చాలా మోడళ్ళలో దాన్ని మూసేశాయి. దానికోసం పాత బయోస్ వెనక్కి వేసుకోమని నేను చెప్పను.

లాకులగట్టు (ధవళేశ్వరం)

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపితే చార్జరు మామూలుకన్నా ఎక్కువ కాలుతోంది, సన్నగా కీచుమంటోంది కూడా. ల్యాప్‌టాప్‌కి ఏమైనా అవుతుందా?

సున్నాఓమ్ (రాజమండ్రి)

మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (గోడ కరెంటులా సాఫీగా కాకుండా మెట్లుగా ఇచ్చేది) అయ్యుంటుందండి. చార్జరు లోపల అటుపోట్లు ఎక్కువై అది వేడెక్కుతుంది. ల్యాప్‌టాప్‌కి వెళ్ళే 19 వోల్టులు మారవు కాబట్టి దానికి ముప్పు లేదు, చార్జరు ఆయుష్షే తగ్గుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ చప్పుడు ఉండదు. చార్జరు మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటుంది, లో వోల్టేజిలో కూడా పని చేస్తుంది. కాకపోతే అదే వాట్ల కోసం ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. స్టెబిలైజరు అక్కరలేదు. దిండుకిందా బ్యాగులోనూ పెట్టి చార్జ్ చేయకుండా ఉంటే చాలు. 65 వాట్లది రావాల్సినచోట 45 వాట్లది తగిలిస్తే చార్జరూ వేడెక్కుతుంది, ల్యాప్‌టాప్ కూడా వేగం తగ్గించుకుంటుంది.

ఉప్పుటేరు (భీమవరం)

విప్పించి తుడిపించానండి, పేస్టు కూడా నా ఎదుటే వేశారు. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య నిజంగానే చాపలా వచ్చింది. గది 34 ఉండగా ఇప్పుడు ఊరికే 47, మామూలు పనికి 66, స్ట్రెస్‌లో 85 దగ్గర 15 వాట్లు నిలబడింది. థ్రాట్లింగ్ నో.

ఒకటే అనుమానం. విప్పినప్పుడు బ్యాటరీ ఒక పక్క కొంచెం ఉబ్బినట్టు కనబడింది. టచ్‌ప్యాడ్ క్లిక్ కూడా గట్టిగా అవుతోంది. పనిచేస్తోంది కదా, ఉంచెయ్యొచ్చా?

రిపేరుబల్ల (అమలాపురం)

ఉంచొద్దండి. టచ్‌ప్యాడ్ గట్టిపడటం ఉబ్బుకి మొదటి గుర్తు. ఇవాళే చార్జింగు ఆపి బ్యాటరీ తీయించండి. చాలా మోడళ్ళు బ్యాటరీ లేకుండా చార్జరు మీదే నడుస్తాయి, కొత్తది వచ్చేదాకా అలా వాడుకోవచ్చు. కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది, అంతే.

వేడి ఒక కారణం, పొద్దస్తమానం చార్జరు తగిలించి 100 శాతం దగ్గరే ఉంచడం ఇంకో కారణం. కొత్త బ్యాటరీ వేశాక కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగు ఆపే ఎంపిక ఉందేమో చూసి పెట్టండి. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అంటారు, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్.

తీసిన బ్యాటరీని గుచ్చొద్దు, వంచొద్దు, ఉబ్బు నొక్కి సరిచేయాలని చూడొద్దు. కనెక్టరు మీద టేపు వేసి, ఇసుక పోసిన ఇనప డబ్బాలో, ఇంట్లో మంట అంటుకునేవాటికి దూరంగా ఉంచి, కంపెనీ సర్వీసు సెంటరుకి అప్పగించండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది.

లాకులగట్టు (ధవళేశ్వరం)

పాత సామాను కొనేవాళ్ళకి ఇవ్వొచ్చా మరి?

రిపేరుబల్ల (అమలాపురం)

వద్దు. వాళ్ళు సుత్తితో కొట్టి విడదీస్తారు, అక్కడే అంటుకుంటుంది.